పీట్ నేలపై అడవి యెంత?

అశోక్ నగర్ వీథులలో గ్రూప్స్ పరీక్షలకై శిక్షణ పొందుచు, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయమున ఉదయము మొదలు రాత్రి వరకు కూర్చుండి వేలకొలది అంకెలను కంఠస్థము చేయు యువతీయువకులకు, తెలంగాణమున అడవి యెంత అను ప్రశ్నకు రెండు సమాధానములు లభించును. ఒక పుస్తకమున అది రాష్ట్ర విస్తీర్ణములో సుమారు 24 శాతమని యుండును. మరియొక పుస్తకమున 18.93 శాతమని యుండును. రెండును సత్యములే. మొదటిది ప్రభుత్వ దస్తావేజులలో అడవిగా నమోదైన భూమి, దానిపై నేడు చెట్టు ఉన్నను లేకున్నను. రెండవది 2021 నాటి భారత అటవీ స్థితి నివేదిక ఉపగ్రహ చిత్రములనుబట్టి తేల్చిన 21,214 చదరపు కిలోమీటర్ల వృక్షాచ్ఛాదనము, ఆ భూమి ఎవరిదైనను సరే. 2015 జూలైలో మొక్కలు నాటు కార్యక్రమమైన హరితహారమును ఆరంభించిన నాడు 24 శాతమును 33 శాతమునకు చేర్చవలెనని సంకల్పించిరి. ఆ 24 దస్తావేజుల అంకె, పెంపవలసినదియో చెట్ల నీడ. బయలుదేరిన చోటు ఒక కొలతలోను, చేరవలసిన చోటు మరొక కొలతలోను ఉన్నప్పుడు నడిచిన దూరమెంతయో చెప్పుట దుర్ఘటము.

ఈ చిక్కు, వాతావరణమును గూర్చిన చర్చలలో ఇటీవల ప్రాముఖ్యము వహించిన ఒక ప్రశ్నయందు రెట్టింపగుచున్నది: లోకమునందలి పీట్ నేలలలో ఎంత భాగము అడవిచే కప్పబడియున్నది? చచ్చిన ఆకు, కొమ్మ, వేరు, నాచు నిత్యము నీటిలో మునిగియుండి, గాలి సోకక, పూర్తిగా కుళ్లక, వేల సంవత్సరములపాటు పొరమీద పొరగా పేరుకొనగా ఏర్పడిన నల్లని నేలయే పీట్. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమము 2022లో ప్రకటించిన సమీక్షనుబట్టి ఇట్టి నేలల విస్తీర్ణము సుమారు 50 కోట్ల హెక్టార్లు. అది భూభాగములో 3, 4 శాతములకు మించదు. అయినను లోకములోని అడవులన్నిటి చెట్లయందును నిలిచియున్న కర్బనముకంటె అధికమైన కర్బనము ఈ కొద్దిపాటి నేలలో దాగియున్నది. వీనిలో సుమారు 12 శాతమును కాలువలు త్రవ్వి ఎండగట్టుటచేత, మానవుడు గాలిలోనికి వదలు హరితగృహ వాయువులలో దాదాపు 4 శాతము ఆ భాగమునుండియే వెలువడుచున్నదని ఆ సమీక్ష తెలుపుచున్నది.

దక్కను పీఠభూమిపై నివసించు మనకు పీట్ కన్నులార చూచిన వస్తువు కాదు. కాకతీయుల కాలమునుండి చెరువులు త్రవ్వుకొన్న దేశమునందు నీటి యడుగున వృక్షశేషములు చేరకపోలేదు. కాని మన చెరువు ఏటేటా వేసవిలో ఎండును, ఎండిన యడుగునకు గాలి తగులును, గాలి తగిలిన ఆకు నెలల వ్యవధిలో మన్నగును. ఆ పూడికమన్నునే రైతులు బండ్లపై తోలుకొనిపోయి చేలకు చల్లుకొందురు. పీట్ పుట్టవలెనన్న వేల వత్సరములు ఒక్క వేసవియైనను తప్పక నీరు నిలిచియుండవలెను. హైదరాబాదు చుట్టును గల గ్రానైటు నేలలకు ఆ భాగ్యము లేదు. కావున మనకు అతిసమీపమున పీట్ కనబడవలెనన్న నీలగిరులకు ఎక్కవలెను. అయినను ఈ ప్రశ్న మనది కాదని తలచుట పొరపాటు. ఉపగ్రహమునుండి అడవిని కొలుచు విద్య ఈ దేశమున తొలుత గొప్ప వివాదమును రేపినది మన నగరమునందలి సంస్థ చేతనే.

ఆ కథ చెప్పదగినది. 1974లో స్థాపితమై, నేడు బాలానగరులో జాతీయ దూరసంవేదన కేంద్రమను పేర ఇస్రోలో భాగముగా నున్న సంస్థ, లాండ్‌శాట్ చిత్రములను పరిశీలించి, భారతదేశమున అడవి 1972-75 నాటికి 16.89 శాతముండగా 1980-82 నాటికి 14.10 శాతమునకు దిగజారినదని 1980 దశకము తొలినాళ్ళలో తేల్చినది. దస్తావేజులలో అడవి యింకను ఐదవ వంతునకు మించి యుండగా ఈ అంకె దేశమును కలవరపెట్టినది. డెహ్రాడూనున 1981లో ఏర్పడిన భారత అటవీ సర్వేక్షణ సంస్థ అదే జాతి చిత్రములను తాను పరిశీలించి, 1981-83 నాటికి అడవి 19.49 శాతమని 1987లో ప్రకటించినది. చూచిన ఆకాశ మొకటే, చూడబడిన నేల యొకటే. ఫలితములలో తేడా ఐదు శాతమునకు పైగా, అనగా మొత్తము ఆంధ్ర దేశమంతటి అడవికంటె కొన్ని రెట్లు అధికము. పిదప ఉభయ సంస్థలవారును కలిసి కూర్చుండి, పద్ధతులను సరిపోల్చుకొని, 19.52 శాతమను అంకెకు అంగీకరించిరి. ఈ విద్యకు జరిగిన మహోపకారము ఆ సమావేశమే యని నా నమ్మకము. ఏలయన ఏ చోట ఎంత పలుచనైన తోపువరకు అడవియని పిలువవచ్చునో ముందుగా ఒప్పుకొననిదే ఎంత చక్కని చిత్రమైనను సమాధానమీయదని అప్పుడు స్పష్టమైనది.

1987 నాటి ఆ తొలి నివేదికలో ఉపగ్రహ చిత్రపు ఒక చుక్క (పిక్సెల్) భూమిపై 80 మీటర్ల పొడవు, 80 మీటర్ల వెడల్పు. పటము పది లక్షల వంతు. 400 హెక్టార్లకు, అనగా ఇంచుమించు వేయి ఎకరములకు తక్కువైన తోపు పటమునకు ఎక్కలేదు. 76 ఎకరముల ఇందిరా పార్కు దాని లెక్కలో శూన్యము. నేడు చుక్క 23.5 మీటర్లు, కనీస విస్తీర్ణము ఒక్క హెక్టారు. ఆ హెక్టారులో పదవ వంతునకు మించి చెట్ల నీడ పరచుకొన్నచో, భూమి ఎవరిదైనను, చెట్టు ఏదైనను అడవియని గణన. ఈ నియమమును నారాయణగూడ చౌరస్తానుండి అశోక్ నగర్ వైపు నడుచుచు పరీక్షింపవచ్చును. హెక్టారనగా పదివేల చదరపు మీటర్లు, పదవ వంతు వేయి. పది మీటర్ల అడ్డుకొలత గల నిద్రగన్నేరు కొమ్మల గొడుగు క్రింద సుమారు 78 చదరపు మీటర్ల నేల యుండును. అట్టి చెట్లు పదమూడు ఒక హెక్టారులో నిలిచినచో, వాని నడుమ మేడలున్నను, ఆటోలు నిలుచు చోటున్నను, ఆ హెక్టారు అటవీ నివేదికలో అడవిగా పరిగణింపబడుటకు అర్హము. హైదరాబాదులో ఇట్టి ఆచ్ఛాదనము 2011లో 33.15 చదరపు కిలోమీటర్లుండగా 2021లో 81.81 చదరపు కిలోమీటర్లకు, అనగా నగర విస్తీర్ణములో 12.90 శాతమునకు పెరిగినదని 2021 నివేదిక. ఇది సంతోషింపదగిన వార్త. కాని ఇది నీడను గూర్చిన వార్త. జీవజాలముతో, పొదలతో, తరుపరంపరతో కూడిన అరణ్యమును గూర్చి అది ఏమియు చెప్పదు, చెప్పెదనని అననులేదు.

ఇక ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ నియమము వేరు. అర హెక్టారు విస్తీర్ణము, ఐదు మీటర్ల ఎత్తు, పది శాతము నీడ యుండవలెను. వ్యవసాయార్థమై పెంచు చెట్లు లెక్కకు రావు. ఆ నియమమున పామాయిలు తోట అడవి కాదు, రబ్బరు తోట అడవి. మన నియమమున పండ్లతోటలు, వెదురు, తాటిజాతి వృక్షములు అన్నియు చేరును, కావున పామాయిలు తోటయు అడవియే. ఏలూరు సమీపమున పెదవేగిలో పామాయిలు పరిశోధన సంస్థ గలదు. ఆ చుట్టుప్రక్కల తోటలను ఎరిగిన వారు ఈ భేదమును ఇట్టే గ్రహింతురు. అదే ఏలూరునకు దక్షిణమున కొల్లేటి యందు దీనికి జోడుగా మరియొక దృష్టాంతము గలదు. ఐదవ కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యముగా 1999లో ప్రకటింపబడిన ఆ సరస్సులో చేపల చెరువులు గట్లు కట్టుకొని వ్యాపించినప్పుడు, ఆకాశమునుండి చూచువారికి కనబడినది నీరే. నీరని చుక్క చెప్పినది నిజము. అది కొల్లేరు కాదు, గట్టునకు లోపల మేతవేసి పెంచు చేపల మడుగు. పీట్ నేలపై పామాయిలు వరుసలు పచ్చగా కనబడుటయు ఇట్టిదే.

అడవిని గూర్చిన వివాదము నిర్వచనమునకు సంబంధించినది. పీట్‌ను గూర్చిన వివాదమునకు అదియును గలదు, దానికి మించినదియు గలదు. ముప్పది సెంటీమీటర్ల మందముండిన చాలునని కొందరు, నలుబదియని కొందరు, యేబదియని కొందరు. అందు వృక్షశేషముల పాలు ఎంతయుండవలెనను విషయమునను ఏకాభిప్రాయము లేదు. అంతకంటె పెద్ద కష్టము, పీట్ ఆకాశమునుండి కనబడకపోవుట. చెట్టు తల పైకెత్తి నిలుచును, దాని క్రిందినేల దాగియుండును. అందుచేతనే ఉష్ణమండలమునందలి పీట్ విస్తీర్ణము 4,41,025 చదరపు కిలోమీటర్లని 2011లో ఒక ప్రసిద్ధ గణన తేల్చగా, నీటి యునికిని నేల వాలును ఉపగ్రహ చిత్రములను కూర్చి 2017లో చేసిన మరియొక గణన దానిని 17 లక్షల చదరపు కిలోమీటర్లకు చేర్చినది. హారమే నాలుగు రెట్లు మారునప్పుడు దానిపై ఏ శాతమును ఎట్లు నిలుపగలము? అడవి వైపు కృషి అంతయు ఉపగ్రహముల వెంట పరుగిడుచుండగా నేల వైపు కృషి వెనుకబడినదని నా అభియోగము. సమస్యలో కొరవడిన సగము భూమిలో నున్నది.

ఆ సగమును తెలిసికొను విధానము అత్యంత సరళము, అత్యంత శ్రమావహము. మోకాలిలోతు బురదలో నిలిచి, ఆగర్ అను ఉక్కు పనిముట్టును నేలలోనికి నొక్కుదురు. దాని కొనయందు అర మీటరు పొడవు గల అరగొట్టము, దానికొక రెక్క యుండును. కోరిన లోతు చేరిన పిమ్మట పిడిని సగము చుట్టు త్రిప్పగా ఆ గొట్టము నేలను కోసికొనుచు రెక్కకు ఆనుకొని మూసికొనును. పైకి లాగి తెరచినచో ఆ లోతునందలి నేల చెక్కుచెదరక కనబడును. ఊడలవంటి పీచు, సగము గుర్తించదగిన ఆకు ఈనెలు, ముక్కును తాకు కుళ్లు వాసన. మరల ఒక కడ్డీ తగిలించి మరల దింపుదురు. బంకమట్టియో ఇసుకయో తగులు వరకు ఇదే పని. పిదప ఆ ముక్కలను ప్రయోగశాలలో ఆరబెట్టి, తూచి, కొలిమిలో కాల్చి మరల తూతురు. మండిపోయినది వృక్షాంశము, మిగిలిన బూడిద ఖనిజము. ఇంత చేసిన తరువాత తేలినది ఒక్క బిందువు. లక్షల హెక్టార్ల పటమంతయు ఇట్టి కొన్ని వందల బిందువులపై ఆధారపడియుండును.

ఆఫ్రికాలోని కాంగో నదీమధ్య ప్రాంతమున ఈ శ్రమకు లభించిన ఫలము అపూర్వమైనది. 2017లో ప్రకటితమైన పరిశోధన, అక్కడి చిత్తడి అడవులక్రింద 1,45,500 చదరపు కిలోమీటర్ల పీట్ గలదనియు, అందు సుమారు 3,060 కోట్ల టన్నుల కర్బనము నిలిచియున్నదనియు వెల్లడించినది. 2022లో మరిన్ని ఆగరు బిందువులతో విస్తీర్ణమును 1,67,600గా సవరించిరి. ఆ పరిశోధకులు గమనించినది యేమనగా, గట్టిజాతి చిత్తడి వృక్షములును రాఫియా జాతి తాటిచెట్లును పెరుగు చోట క్రింద పీట్ ఉండును, కొంతకాలము మాత్రమే వరద నిలుచు అడవిక్రింద ఉండదు. ఆ ఆనవాలును పట్టుకొని, చెట్టు జాతి నుపగ్రహమున గుర్తించి, క్రిందినేలను ఊహించిరి. ఈ యుక్తి ప్రశంసనీయము. కాని మన ప్రశ్నకు దీనిని సాధనముగా గ్రహించువారు జాగ్రత్త వహింపవలెను. అడవినిబట్టి పీట్‌ను కనుగొన్న పటమును చేతబట్టుకొని, ఈ పీట్‌లో అడవి యెంత అని అడిగినచో దాదాపు అంతయునని సమాధానము వచ్చుటలో విశేషమేమున్నది? అడవి నరికివేయబడిన పీట్ ఆ పటమున చేరుటకే అవకాశము స్వల్పము. ప్రపంచ పటములను కలిపి శాతములు తీయు రచనలలో ఈ దోషమును ఎత్తిచూపినవి అరుదు.

ఆగ్నేయాసియా పరిస్థితి దీనికి విపర్యయము. అక్కడ నేల పటములు ముందే యుండుటచేత, అడవి తరిగిన క్రమమును ఏండ్లవారీగా లెక్కింప వీలైనది. మలయా ద్వీపకల్పము, సుమాత్రా, బోర్నియో కలిపి 1 కోటి 57 లక్షల హెక్టార్ల పీట్‌లో 1990లో 76 శాతముపై చిత్తడి అడవి యుండగా, 2007లో 41 శాతము, 2015లో 29 శాతము, అనగా 46 లక్షల హెక్టార్లు మాత్రమే మిగిలినది. 2015 నాటికి పెద్ద కంపెనీల తోటలు మాత్రమే 27 శాతము నాక్రమించినవి. వానిలో అధికభాగము పామాయిలు, కాగితపు గుజ్జునకై పెంచు తుమ్మజాతి చెట్లు. మొక్క పెరిగి నీడ పట్టిన తోటనెల్ల అడవిలో చేర్చు లెక్కరి ఆ 29ని 50కి పైగా చూపగలడు, అబద్ధమాడకయే. నిర్వచనము మాటున ఇంత అరణ్యము మాయమగు ప్రదేశము లోకమున మరియొకటి కలదో లేదో.

ఆ తీరమునకు మనవారికి సంబంధము లేకపోలేదు. బ్రిటిష్ వారి కాలమున శ్రీకాకుళము, విశాఖ, గోదావరి జిల్లాలనుండి కూలీలుగా మలయాకు వెళ్లిన తెలుగువారు రబ్బరు, కొబ్బరి తోటలలో బ్రతుకులు గడపిరి. వారి సంతతివారు నేటికిని అచట తెలుగు మాటలాడుచున్నారు, వారి సంఘము 1955లో మలయా ఆంధ్ర సంఘముగా ఏర్పడినది. మలయా పశ్చిమ తీరపు లోతట్టు భూములలో పీట్ విస్తారము. కాలువ త్రవ్వి నీరు తీసినగాని తోట వేయ వీలుకాదు. నీరు తీసిన పీట్‌కు గాలి తగులును, తగిలినదాది కరగి గాలిలో కలియును, నేల ఏటా కొన్ని సెంటీమీటర్లు కుంగును. కుంగిన నేలనుండి నీరు తీయుటకు కాలువను మరల లోతు చేయవలెను. ఇండొనేషియాలో 1990 దశకమున వరి పండింపనెంచి పది లక్షల హెక్టార్ల పీట్‌లో వేల కిలోమీటర్ల కాలువలు త్రవ్వగా, వరి పండలేదు. 1997 అనావృష్టిలో ఆ ఎండిన నేల నెలల తరబడి మండినది. ఆ యేడు ఆ దేశపు పీట్, అడవి మంటలు 81 కోట్లనుండి 257 కోట్ల టన్నుల వరకు కర్బనమును విడిచెనని గణించిరి. కనిష్ఠ గరిష్ఠములు మూడు రెట్ల దూరమున నుండుటకు ఒక ముఖ్యకారణము, కాలిన పీట్ మందమెంతయో తెలియకపోవుటయే.

ఉత్తర దేశములకు పోయినచో ప్రశ్నయొక్క అర్థమే తలక్రిందగును. ఫిన్లండులో పీట్ నేలలలో సగమునకు మించి కలప అడవులకై ఎండగట్టిరి. స్కాట్లండు ఉత్తరభాగమున ఫ్లో కంట్రీ అను విశాలమైన నాచు పీట్ భూమిలో 1980 దశకమున పన్ను రాయితీల ప్రోత్సాహముతో శంఖాకార వృక్షములను నాటిరి. అచట పీట్‌పై అడవి పెరుగుట క్షేమమునకు చిహ్నము కాదు, క్షయమునకు చిహ్నము. ఆ చెట్లను తీసివేసి, కాలువలను పూడ్చి, నీటిని మరల నిలుపుటకు ఇప్పుడు పాటుపడుచున్నారు. 2024 జూలైలో న్యూఢిల్లీలో సమావేశమైన ప్రపంచ వారసత్వ సంఘము ఆ ప్రాంతమును తన జాబితాలో చేర్చినది. కాంగోలో 90 శాతమన్న శుభము, స్కాట్లండులో 90 శాతమన్న విపత్తు. ఇట్టి రెండు లోకములను ఒక్కటిగా కూడి ప్రపంచ సగటు తీయువారి ప్రయాస నాకు నిష్ప్రయోజనముగా తోచును. నీటిమట్టము ఎంత లోతున నున్నదో ప్రక్కన చెప్పని శాతము అపాయకరము కూడ.

గణితమునందలి మరియొక మెలకువను స్పృశించి ముందుకు సాగెదను. అడవి పటము నూటికి 90 చోట్ల సరియైనది, పీట్ పటము 80 చోట్ల సరియైనది యనుకొందము. రెండు తప్పులకు పొత్తు లేనిచో, రెండును సరిగా కలియు చోట్లు 72 మాత్రమే. కావున పటముపై చుక్కలను లెక్కించి విస్తీర్ణము ప్రకటించుట చాలదు. యాదృచ్ఛికముగా ఎన్నుకొన్న బిందువులను నేలపై పరీక్షించి, పటము ఏ వైపునకు ఎంత మొగ్గుచున్నదో కనుగొని, ఆ మొగ్గును సవరించి, అంకెతోపాటు దాని అటునిటు హద్దులను ప్రకటింపవలెను. దారి తెలియక ఎవరును ఆగియుండలేదు. బిందువునకొక ఆగరు, ఆగరునకు ఇద్దరు మనుష్యులు, వారికి వేతనము కావలెను. ఆ ఖర్చే తరచుగా కోత పడును.

నీలగిరులలో రెండువేల మీటర్లకు పైబడిన ఎత్తున, సాండినల్లా వంటి లోయలలో గల పీట్ మడుగులు విస్తీర్ణమున అత్యల్పములు, విజ్ఞానమున అమూల్యములు. 1993లో భారతీయ శాస్త్రజ్ఞులు ఆ పీట్‌లోని కర్బన ఐసోటోపులను కొలిచి, గడ్డిజాతి శేషములను చెట్టుజాతి శేషములనుండి వేరుపరచి, గత ఇరువది వేల సంవత్సరములలో రుతుపవనములు బలిసినప్పుడు షోలా అను కొండ అడవియు, క్షీణించినప్పుడు పచ్చికయు ఆ కొండలపై వ్యాపించిన తీరును చదివిరి. పీట్‌పై అడవి యెంతయుండెనో పీట్ తానే వ్రాసియుంచిన చోటది. గత శతాబ్దిన్నరలో తేయాకు, యూకలిప్టసు, వాటిల్ అను ఆస్ట్రేలియా తుమ్మ ఆ లోయల అంచులను చుట్టుముట్టినవి. నీరు పీల్చు ఆ పరదేశి వృక్షములు అటవీ నివేదికలో అడవియే, మడుగునకు మాత్రము ఎండ. హెక్టారునకు తక్కువైన మడుగు మన జాతీయ పటమునకు ఎక్కనే యెక్కదు. మన యుపగ్రహములలోని 5.8 మీటర్ల చుక్క గల లిస్-4 చిత్రములు ఆ మడుగులను చూపగలవు, బాలానగరులో వానిని చదువగల నిపుణులు గలరు. ఈ పని నీలగిరులనుండి మొదలిడవలెను: నీరు తగ్గు మాసములలో ప్రతి మడుగునకు ఆగరు దింపి పీట్ మందమును, నీటిమట్టమును, అంచున నిలిచిన చెట్టు షోలా జాతియా, యూకలిప్టసా, వాటిలా అను సంగతిని ఒకే పట్టికలో ఎక్కించి, ఆ పట్టికను అటవీ స్థితి నివేదికలో మడ అడవుల అధ్యాయమునకు ప్రక్కనే ప్రత్యేకాధ్యాయముగా ప్రచురింపవలెను.